చల్బీ దాటిన గుమాతో

ఒంటె అయితే ఈపాటికి కాలు వెనక్కి తీసుకునేది, నేల మీద నమ్మకం లేకపోతే దాన్ని ఎంత అదిలించినా కదలదు, బండికి ఆ బుద్ధి లేదు, తొక్కితే పోతుంది, అందుకే దాన్ని నడుపుతున్న గుమాతో అనే ఆమె చల్బీ ఎడారి అంచున దిగి మడమతో ఉప్పు పెచ్చును కుమ్మి చూసింది, పైన తెల్లగా, కింద మొన్నటి వానకు నానిన నల్లబురద, మడమ దిగింది కానీ పాదం మునగలేదు, చాలు అనుకుని టైర్లలో గాలి కొంత వదిలింది, పక్కసీట్లో తమ్ముడు యతానీ విరిగిన చేతిని మెడకు కట్టుకుని సణుగుతూనే ఉన్నాడు, అక్కా చుట్టూ కొండల మీదుగా పోదాం, నేనైతే ఇందులో దిగను, ఈ ఆసుపత్రి బండి రోజూ నడిపేది వాడే, పొద్దున ఒంటె తోసేస్తే చెయ్యి విరిగింది, వాళ్ళ ఊరు కలాచాలో స్టీరింగు పట్టడం తెలిసింది ఇంకెవరికి, వాడు నేర్పిన తనకే, అదీ ఊరి చుట్టూ తిప్పడం, వెనక పడుకున్న దిరామూ మూలుగుతోంది, బిడ్డ అడ్డం తిరిగింది, మార్సబిట్‌లో పెద్దాసుపత్రిలో కోసి తీయాలన్నారు, ఆమె అత్త కబలే అవ్వ ఊరుకోదు, పిల్లా, ఇంట్లో కూర్చుని పాలకుండకు పొగపెట్టడం కాదే ఇది, నా కోడల్ని బురదలో పూడుస్తావా, గట్టిగా పట్టుకో అవ్వా, అంది గుమాతో, ఫోర్‌వీల్ గేరు వేసింది.

పెచ్చు పెళపెళలాడింది, ఎదుట ఎండమావిలో కొండలు గాల్లో తేలుతున్నాయి, అమ్మను కూడా ఇలాగే తీసుకుపోయారు, ఒంటె మీద, కొండల చుట్టుదారిన, యతానీ ఆ దారిలోనే పుట్టాడు, అమ్మ మార్సబిట్ చూడలేదు, తను పసివాణ్ణి మేకపాలు పట్టి పెంచింది, వాడికి ఆ సంగతి తెలుసు, అయినా కొండలంటాడు, వెనక చక్రం దిగబడింది, బండి పక్కకు ఈడ్చింది, బ్రేకు తొక్కక్కా, అరిచాడు యతానీ, తొక్కితే ఇక్కడే సమాధి, జారిన వైపుకే స్టీరింగు తిప్పింది, యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు, అద్దం నిండా బురద, దిరామూ కేక, అవ్వ దేవుణ్ణి పిలుస్తోంది, పో తల్లీ పో, ఇంకాస్త, అంది గుమాతో బండితో, ఇంజను గొంతు మారింది, చక్రాల కింద గులకరాళ్ళు గలగలమన్నాయి.

రాళ్ళ మీదికి ఎక్కగానే యతానీ నవ్వడం మొదలెట్టాడు, విరిగిన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ నవ్వాడు, అవ్వ తన నీళ్ళబుడ్డి ముందుకు చాచింది, నువ్వు ముందు తాగమ్మా అంది, అమ్మా అంది, పిల్లా అనలేదు, మార్సబిట్ చల్లగాలి తగిలింది, ఆసుపత్రి తలుపులు దిరామూని మింగేశాయి, ఎంతసేపో, తర్వాత గోడ అవతల ఒక బక్కచిక్కిన ఏడుపు, దాని మీద అవ్వ ఈలలాంటి కేక, ఆడపిల్ల, తల్లి కూడా బాగుంది, గుమాతో బయట బానెట్‌కు ఆనుకుంది.

ఉత్తరానికి జొన్నలు మోసే లారీ ఒకటి బురద ఆరాలని రెండు రోజులుగా ఆసుపత్రి ఎదుటే ఆగి ఉంది, డ్రైవరు వచ్చి యతానీని అడిగాడు, చల్బీలో దారి ఉందా అన్నా, యతానీ గడ్డంతో ఆమెను చూపించాడు, అక్కనడుగు, అతను ఆమె వైపు తిరిగి తలగుడ్డ సర్దుకుని మళ్ళీ అడిగాడు, ఈసారి మర్యాదగా, గుమాతో నోరు తెరిచేసరికి ఆ తెల్లటి నేలంతా కళ్ళ ముందు పరుచుకుంది, దాని మధ్య రెండు నల్లటి చాళ్ళు, నిన్న లేనివి, ఉంది, నా చక్రాల గుర్తులు పట్టుకుని పో, అంది, అన్నాక తెలిసింది, దారి ఉందో లేదో ఇన్నాళ్ళూ ఎవరినో అడుగుతూ వచ్చింది, ఇవాళ్టిది తను వేసిందే.