రుజువు కాకముందే చెప్పిన సాక్ష్యం

మా కూతురు లిడియా గది తలుపు గడియను మంగళవారం పొద్దున నేనే స్క్రూడ్రైవరుతో ఊడదీసినా. అడిగితే తుప్పు పట్టిందని చెప్పినా. నాలుగు దినాల నుంచి ఆ పిల్లకు నిద్ర లేదు. లోపల గడియ పడిన చప్పుడైతే చాలు, నా పానం పోతాండె.

మాది ప్రొద్దుటూరు. నేను పదో తరగతి తప్పి, జాకెట్లు కుట్టుకుంటాండా. మా ఆయన పులివెందులలో టీచరు, వారానికొకసారి వస్తాడు. లిడియా పీహెచ్‌డీ చేస్తాంది. దాని పని నాకు అర్థమైనంత వరకు ఇదీ: వెలుగు కణాలతో లెక్కలు చేసే యంత్రాన్ని కట్టకముందే, అది తప్పు చేయదని గణితంతో రుజువు చేయాల. మనుషులు చూసి బాగుందంటే చాలదు. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ప్రతి వరుసనూ తనిఖీ చేస్తుంది. దానికి మొహమాటం లేదు, ఎవరి మాటా నమ్మదు. శుక్రవారం లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. రెండుసార్లు గడువు పెంచినారు, ఇంక పెంచరు. ఒక్క మెట్టు మిగిలింది. ప్రోగ్రాం ఒప్పుకోవడంలే.

పిల్ల ఏమన్నా చేసుకుంటుందేమోనన్న భయంతోనే ఆదివారం చేయకూడని పని చేసినా. జమ్మలమడుగులో మా పుట్టింటోళ్ల చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందర సాక్ష్యంగా చెప్పే వేళ లేచి, "నా బిడ్డ రుజువు అయిపోయింది, దేవునికి స్తోత్రం" అన్నా. ముందే కృతజ్ఞత చెప్పేస్తే దేవుడు కాదనడని మా ఆడోళ్లకు ఒక నమ్మకం. అందరూ హల్లెలూయా అన్నారు.

బుధవారం ఆ చర్చి పాస్టరు అయ్యగారి భార్య హెలెనమ్మ లిడియాకే ఫోన్ చేసి మెచ్చుకునింది. పిల్ల నా కుట్టు మిషను కాడికొచ్చి నిలబడింది.

"అమా, కాని పనికి సాక్ష్యం చెప్పినావంటనే?"

"విశ్వాసంతో చెప్పినా పాపా."

"డాక్టర్ లిడియా గారూ అంటాంది ఆయమ్మ. సిగ్గుతో చస్తాండా."

"ఆ మాట అనద్దు! నీ కాళ్లు పట్టుకుంటా."

ఉన్నట్టుండి కింద కూలబడింది. "నిన్ను అని ఏమి లాభంలే, నేనూ అదే చేసినా. మిగిలిందన్న ఆ మెట్టే మూడు నెలల కింద దాటలేక, ప్రస్తుతానికి ఇది నిజమనుకో అని ప్రోగ్రాంకు రాసినా. అట్లా రాస్తే పసుపు గుర్తు పెట్టి ముందుకు పోనిస్తుంది. దాని మీదనే మిగిలిందంతా కట్టినా. అది నిజమే కాదని ఈ పొద్దు తెలిసింది."

"ఏంది అది?"

"రెండు వెలుగు కణాలు అద్దానికి చెరో పక్కనుంచి ఒకేసారి తగిలితే, రెండూ జంటగా ఒకే పక్కకు పోతాయని. వెలుగును సరిగ్గా సగం సగం చీల్చే అద్దానికే అది చెల్లుతుంది. నేను అన్ని అద్దాలకూ రాసేసినా. మా యంత్రంలోది మూడింట ఒక వంతే వెనక్కు కొడుతుంది."

"ఆ గుర్తుతోనే పంపించు తల్లీ. అన్ని పేజీల్లో యాడ చూస్తారు?"

"చూడరు. అదే భయం. రుజువైందని నమ్మి ఎవరో యంత్రం కడతారు."

"కట్టేటోళ్లతో నాకేం పని? నాకు నువ్వు ఉండాల!" అని అరిచినా.

లేచి లోపలికి పోయింది. వెనకే పోయినా. గైడు సారుకు ఉన్నదున్నట్టు మెయిలు రాస్తాంది. మణికట్టు పట్టుకున్నా.

"వదులు మా."

నేను వదల్లేదు. రెండో చేత్తో పంపించేసింది.

అరగంటకు సారు ఫోన్. పిల్ల స్పీకరులో పెట్టింది. "శుక్రవారానికి సరిచేయగలవా?"

"లేదు సార్."

"యూనివర్సిటీలో గడువు అడిగి చూస్తా. మాటియ్యలేనమ్మా. దాదాపు పోయినట్టే అనుకో" అని పెట్టేసినాడు.

లిడియా ఆ పసుపు వరుసను తుడిచేసింది. దాని కిందున్న వరుసలన్నీ ఒకదాని వెంట ఒకటి ఎర్రబడుతూ పోయినాయి. ఎంతసేపటికీ ఆగలేదు.

"ఎన్ని పోయినాయి పాపా?"

"రెండు వందల పన్నెండు."

కొత్తగా మొదటి వరుస కొట్టడం మొదలుపెట్టింది. దాని మొహంలో ఏముందో నాకు చదవడం చేతకాలేదు. పక్కన స్టూలేసుకుని కూర్చున్నా. దాన్ని ఒంటరిగా విడిచి పోయేదానికి ధైర్యం చాల్లేదు.