క్రేన్ డ్రైవరు చాప

పొద్దున్నే ఆరింటికి యోగా హాల్లో పద్దెనిమిది చాపలు పరిచేవారు. అందరూ లావుపాటివాళ్లే, అందరూ డాక్టరు తిడితే వచ్చినవాళ్లే. వంగడం, లేవడం, చెమటలు కక్కడం, చివర్న అయిదు నిమిషాలు శవాసనం. బరువు దిగేది ఆ అయిదు నిమిషాల్లోనే. దిగింది గాల్లో కలిసిపోదు కదా, చాపలోకి పోతుంది. అందుకే పాతవాళ్ల చాపలు మొయ్యాలంటే ఇద్దరు కావాలి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి చాపనైతే ఎత్తడం మానేసి గోడవారకి దొర్లించేవారు. ఆవిడకి అదో గొప్ప.

ఆవిడ పక్కనే క్రేన్ డ్రైవరు చాప. చేరి ఏడు వారాలైనా అది ఫ్యాను గాలికే లేచిపోయేది.

ఇక్కడ చేరేముందు కంపెనీ డాక్టరు పరీక్షలో నూట పద్దెనిమిది కిలోలు తేలాడు. క్రేను నిచ్చెన ఎక్కేటప్పుడు కట్టుకునే బెల్టేమో వంద వరకే ఆగుతుంది. కంపెనీ ఏడు వారాలు గడువిచ్చింది, తగ్గకపోతే గేటు దగ్గర కుర్చీ. పదహారేళ్లు ఆకాశంలో కూర్చున్న మనిషి, వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకుంటూ బతకాలట.

పోనీ తిండి తగ్గించలేదా అంటే, తగ్గించాడు. భార్య కొలిచి పెట్టిందే తిన్నాడు. ఆసనాలూ బాగానే వేసేవాడు. వచ్చిన చిక్కల్లా ఆ చివరి అయిదు నిమిషాలతోనే. పడుకున్నాడో లేదో కాలు ఆడేది, ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది, నిమిషం తిరక్కుండా లేచి చాప చుట్టేసేవాడు. అయిదు నిమిషాలు కుదురుగా ఉండలేవా అని భార్య రోజూ దులిపేసేది. ఉండగలిగితే ఉండడూ?

గడువు ఆఖరి రోజు వచ్చేసింది. పదింటికి కంపెనీ డాక్టరు దగ్గర తూకం. ఆ పొద్దున అతను అసలు పడుకోనే లేదు. చాప మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్లు మూసుకునే అడిగింది.

"మరి పైన గంటలు గంటలు ఎలా కూర్చుంటావయ్యా?"

"పైన ఊగుతుందండీ. గాలికి కేబిన్ కాస్త కాస్త ఊగుతూనే ఉంటుంది. కదలని చోట ఉండటం నా వల్ల కాదు టీచర్‌గారూ."

ఆవిడ లేచి కూర్చుంది. క్లాసులో నిద్రపోయే పిల్లల్ని లేపినట్టు అందర్నీ లేపి, కొందర్ని అతని చాప అంచులు పట్టుకోమంది. యోగా మాస్టారు ఏదో అనబోయి, ఆవిడ చూపు చూసి తనూ చాప అంచు పట్టుకున్నాడు. క్రేన్ డ్రైవరు వద్దు వద్దంటూనే పడుకున్నాడు. ఎనిమిది మంది, ఒక్కొక్కరూ క్వింటాలుకి అటూ ఇటూగా ఉన్నవాళ్లు, రొప్పుకుంటూ అతన్ని జానెడెత్తు లేపి ఊపడం మొదలెట్టారు.

ఇన్నేళ్లూ ఇనుమూ సిమెంటూ ఎత్తినవాడే గానీ, తనని ఎవరైనా ఎత్తిన జ్ఞాపకం అతనికి లేదు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. కాసేపటికి కాలు ఆగింది, ఆ తర్వాత గురక అందుకుంది. చేతులు పీకేస్తున్నా ఎవరూ వదల్లేదు. మాస్టారు గడియారం చూసి ఇక చాలనేదాకా ఊపుతూనే ఉన్నారు.

దించాక అతను లేచాడు. పట్టుకోకపోతే ప్యాంటు జారిపోయేలా ఉంది. చాపని ఇద్దరు పట్టి గోడవారకి చేర్చాల్సొచ్చింది, ఏడు వారాలదీ ఒక్కసారే దిగింది మరి.

తొంభై తొమ్మిదిన్నర. డాక్టరు సంతకం పెట్టాడు. పదకొండింటికల్లా అతను పైనున్నాడు.

ఇక రాడనే అనుకున్నారంతా. పని అయిపోయినవాళ్లెవరూ మళ్లీ ఆ హాలు మెట్లెక్కరు. కానీ మర్నాడు ఆరింటికే వచ్చి, శవాసనం వేళ దాకా వరండాలో అటూ ఇటూ తిరిగాడు. అప్పుడు లోపలికొచ్చి, చేతులు రుద్దుకుంటూ హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు నిలబడ్డాడు.

"ఇవాళ ఎవర్ని ఎత్తాలి టీచర్‌గారూ?"

ఒకరి సాయం అడిగి ఎరగని మనిషి ఆవిడ. తన చాప ఎత్తితే లేచేది కాదు గనక మాస్టారి చాప అడిగి తీసుకుని, దాని మీద సర్దుకుని పడుకుంది.

"నన్నే ఎత్తండయ్యా," అంది.