మదార్ సాహెబ్ నమ్మని అంకె

మదార్ సాహెబ్ ఆ సెల్‌ఫోన్ బ్యాటరీని అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పైన అచ్చు వేసిన కంపెనీ పేరు మాత్రం చదవలేదు. బరువు తక్కువ అనిపించి, డూప్లికేట్లు పడేసే డబ్బాలోకి విసిరేశాడు.

బెంజ్ సర్కిల్ వెనక సందులో ఆయన రిపేరు కొట్టు ఒక బల్ల, రెండు స్టూళ్లు పట్టేంత ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కుడికంటికి బిగించుకున్న భూతద్దంలోంచి చూస్తుంటే, ఎదుటి మనిషిని కూడా స్క్రూలు విప్పి చూస్తున్నట్టుండేది. సోల్డరింగ్ వేడికి ఆయన చూపుడువేలి కొస బిరుసెక్కి, గోరు పసుపుపచ్చగా మారింది.

మొదట్లో ఆయనా అన్నీ నమ్మేవాడే. తొంభై నాలుగులో జపాన్ సరుకని డబ్బా మీద ఉంటే నమ్మి, తెలిసినవాళ్ల టీవీకి ఒక స్టెబిలైజరు పెట్టాడు. మూడో రోజుకి టీవీతో పాటు కిటికీ కర్టెను కూడా కాలిపోయింది. ఆ ఇంటాయన మళ్లీ ఎప్పుడూ కొట్టు గుమ్మం ఎక్కలేదు. అప్పటి నుంచి రేడియోలు పోయి టేపురికార్డర్లు, అవీ పోయి సెల్‌ఫోన్లు వచ్చినా, డబ్బా మీద రాసిందేదీ మదార్ సాహెబ్ నమ్మలేదు. అందుకే జనం కొత్త వస్తువు కొంటే ముందు ఆయనకే చూపించేవాళ్లు.

ఆ పొద్దున కంకిపాడులో ఎరువుల కొట్టు నడిపే బసవపున్నయ్య కొత్త ఫోను తెచ్చాడు.

"మా అమ్మాయి ఎంసెట్ ర్యాంకు ఇంట్లోనే చూద్దామని నెట్ ఉన్నది కొన్నానండి. షాపులో చూపిస్తే ఫొటో చిటికెలో వచ్చేసింది."

"ఆ ఫొటో ముందే ఫోనులో దాచిపెట్టుంటారు. నెట్‌లోంచి కొత్తది తియ్యమన్నారా?"

"అనలేదండి."

మదార్ సాహెబ్ నెట్‌లో ప్రకాశం బ్యారేజీ ఫొటో ఒకటి వెతికి నొక్కి, చేతి గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. ముందు ఆకాశం వచ్చింది. చాలాసేపటికి గేట్లు, చిట్టచివరికి నీళ్లు వచ్చాయి.

"అరవై మూడు సెకన్లు. మీ ఊళ్లో టవరు ఎంత దూరం?"

"కాలవ అవతలండి."

"అయితే ఫొటో నొక్కి, వెళ్లి స్నానం చేసి రండి." బసవపున్నయ్య మొహం వాడిపోవడం చూసి గొంతు తగ్గించాడు. "ర్యాంకుకి ఫర్వాలేదులెండి. అంకెలకి బరువుండదు, త్వరగానే వస్తాయి."

ఆయన వెళ్లాక మదార్ సాహెబ్ మెడ వెనక గట్టిగా నొక్కుకున్నాడు. పది రోజులుగా అక్కడ పోటు. కళ్లజోడు పవరు తప్పు రాశారని కళ్ల డాక్టరు మీద అనుమానం. సోల్డరింగ్ తీగలో ఏదో కలుపుతున్నారని ఇంకో అనుమానం. డాక్టరుకి చూపించుకోమని భార్య బేగం బీ అంటే, ఆయన రాసే మందులు అసలువో కాదో ఎవరికి తెలుసన్నాడు.

పన్నెండు దాటాక పక్క వీధి క్లినిక్‌లో నర్సుగా చేసే రేణుక, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ మిషను తెచ్చింది.

"మధ్యలో ఆగిపోతోందండి, బాబాయ్ గారూ."

బ్యాటరీ స్ప్రింగు తుప్పు పట్టింది. గీకి, అతికించి, పట్టీ తన చేతికే కట్టుకుని మీట నొక్కాడు. రెండు వందల పద్నాలుగు.

"చూశావా? అబద్ధాల మిషను."

రేణుక నవ్వలేదు. పట్టీ విప్పి తన చేతికి కట్టుకుంది. నూట పదహారు. మళ్లీ ఆయనకు కట్టింది. రెండు వందల ఎనిమిది.

"ఇప్పుడే రండి బాబాయ్ గారూ. డాక్టరు గారి దగ్గర పాదరసం మిషనుంది, దాంతో చూద్దాం."

"పాదరసం అయితే నమ్ముతా. దీన్ని ఒక్కసారి చూసుకుని, నమాజ్ చేసుకుని వస్తా. నువ్వు పదమ్మా."

"రెండింటి దాకే ఉంటారు. తప్పకుండా రావాలి." ఆమె గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చూసి వెళ్లింది.

ఆయన మిషను మళ్లీ విప్పాడు. రబ్బరు గొట్టం నీళ్లలో ముంచి చూశాడు, ఒక్క బుడగ రాలేదు. అతుకులన్నీ భూతద్దంతో వెతికాడు. తప్పు ఎక్కడా దొరకలేదు. పోటు ఇప్పుడు చెవుల దాకా పాకింది. మిషను బిగించి, ఎప్పటిలాగే చీటీ తీసి 'పని చేస్తోంది' అని రాశాడు. దాని కింద 'గ్యారంటీ లేదు' అని రాయడం ఆయన అలవాటు. పెన్ను కాసేపు గాలిలో ఆగింది. ఆ రెండో మాట రాయలేదు.

రెండున్నరైనా ఆయన రాకపోయేసరికి రేణుకే వెతుక్కుంటూ వచ్చింది. మోచేతి మీద తల వాల్చి ఆయన నిద్రపోతున్నట్టున్నాడు. మణికట్టు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత కళ్లజోడు మెల్లగా తీసి, బల్ల మీద తిరుగుతున్న ఫ్యాను ఆపేసింది.

బేగం బీ వచ్చేసరికి సందంతా జనం. "పొద్దున టీ చల్లారిపోయిందని తాగలేదు," అని ఆమె రేణుకతో అంది. మగవాళ్లు ఆయన్ని వ్యానులో భవానీపురంలోని ఇంటికి తీసుకెళ్లారు. ఎవరో షట్టరు దించారు.

జేబులోని తాళంచెవులు కూడా ఆయనతోనే వెళ్లిపోయాయి. కరెంటు స్తంభం పక్కన ఆయన సైకిలు, ముందు చక్రానికో తాళం, వెనక చక్రానికో తాళంతో నిలబడి ఉంది.