మడత విప్పని తువ్వాల

వీరభద్రం భుజం మీది గడ్డకు మొగిలమ్మ పసుపు అద్దుతుండగా, మిర్చి యార్డు నుంచి హమాలీ ముఠావాళ్లు కొత్త ఎర్ర తువ్వాలతో వచ్చారు.

"అన్నా, ఇగ నువ్వు బస్తాలు మొయ్యుడు బంద్. నిన్నే ముఠా మేస్త్రిని చేసినం. ఇగో, మేస్త్రి తువ్వాల," అన్నాడు వాళ్లలో ఒకడైన ఉదయ్.

ఏళ్ల తరబడి బస్తాలు మోసి ఒకవైపు ఒరిగిపోయిన మనిషి, జ్వరంతో వణుకుతూనే నిటారుగా కూర్చున్నాడు.

"ఇంట్ల మేస్త్రిని అడగాలె," అన్నాడు భార్యను చూస్తూ.

"పెండ్లయిన కొత్తల గూడ గింత సిగ్గుపడలే!" మొగిలమ్మ అతని బుగ్గన పసుపు చుక్క పెట్టింది.

తువ్వాల మడత మాత్రం విప్పనివ్వలేదతడు. "వద్దే, చీము అంటుతది. గడ్డ మానినంక ఏసుకుంట."

మానుతుందని అతని నమ్మకం. ఆ నమ్మకం పేరు సదానందం. చిన్నప్పటి దోస్తు, పట్టా లేకున్నా వాడకట్టులో అందరికీ సూదులేసే డాక్టరు. గోనె రాపిడికి భుజం చిట్లి గడ్డ లేచినప్పుడల్లా ఒక సూది వేసి, రెండు గోలీలు చేతిలో పెట్టేవాడు. నొప్పి తగ్గగానే "ఇగ చాలు, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఈసారి సూది మీద సూది పడ్డా గడ్డ తగ్గలేదు.

మధ్యాహ్నానికి ఊపిరి అందక ఆయాసపడ్డాడు. ఆటోలో పెద్ద దవాఖానకు పోతున్నప్పుడు కూడా తువ్వాల ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"ఇది మామూలు మందులకు లొంగని క్రిమిలా ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "చీము పరీక్ష ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుంది. ఇదివరకు ఏ సూదులు వేశారో తెలిస్తే, పని చెయ్యని మందుతో సమయం పోగొట్టుకోం."

మొగిలమ్మ సదానందానికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"సూదా? నేనా?" సదానందం గొంతు తడబడింది. "పట్టీ కట్టిన, గంతే వదినె. నా పేరు జర తియ్యకుండ్రి."

వీరభద్రం విన్నాడు.

"సదా గట్లంటడేందే?" అని భార్యను మెల్లగా అడిగాడు.

"సూదులు పడ్డయి మేడం, నా కండ్లతోని చూసిన. మందు పేరు తెల్వదు," అంది మొగిలమ్మ. డాక్టరమ్మ తనకు తోచిన మందు ఎక్కించింది.

పొద్దు గుంకేవేళ వీరభద్రం చెయ్యి ఆమె చేతిలోనే చల్లబడింది.

సదానందం పరుగున వచ్చి, "దోస్తూ!" అంటూ మంచం మీద పడి ఏడ్చాడు. మొగిలమ్మ అతన్ని రెక్క పట్టి లేపింది.

"ఏడ్వకు. రేపు మట్టి చేసేకాడికి ముఠా అంతా వస్తది. వాళ్ల భుజాలకు గూడ నీ సూదులే పడ్డయి. ఏం సూదులో అందరి ముందట నువ్వే చెప్పాలె."

తలగడ పక్కన ఎర్ర తువ్వాల, దుకాణంలో వేసిన మడత వేసినట్టే ఉంది.