చైత్ర వద్దంది

"పాఠాల సంగతి తిన్నాక ఎత్తు. తినేటప్పుడు మాత్రం వద్దు," అన్నాడు అమరనాథ్ వంటింటి గుమ్మంలో నిలబడి. "అన్నకు కోపం వచ్చిందంటే నీ ఫండొకటే కాదు, నా ట్యాంకర్లు కూడా నిలిచిపోతాయి. సంగటి గడ్డలు కట్టకుండా చూసుకో."

కిరణ్మయి తలెత్తలేదు. తెడ్డు ఆపితే సంగటి నిజంగానే గడ్డ కడుతుంది. పొద్దున లేచింది మొదలు నాటుకోడి కడిగింది, మసాలా నూరింది, ఇల్లు తుడిచింది, అత్తగారికి మాత్రలిచ్చింది, కూతురు చైత్రకు తలంటింది. ఆదివారం సెలవు అన్న మాట ఈ ఇంట్లో మగాడికి మాత్రమే వర్తిస్తుంది. ఆమె ఉద్యోగానికి అసలు ఉద్యోగమన్న పేరే లేదు. నగరపాలిక బాలవాడుల్లో పసిపిల్లలకు పాఠాలు తయారుచేసి, టీచర్లకు నేర్పిస్తుంది. ఒంట్లో ఏ భాగాన్ని ఏమంటారో నవ్వకుండా, సిగ్గుపడకుండా చెప్పడం. మగపిల్లాడు వంటసామాను బొమ్మలతో ఆడుకున్నా, ఆడపిల్ల లారీ నడిపినా ఎవరూ ఎగతాళి చేయకపోవడం. ఎవరైనా ముట్టుకుంటే నచ్చకపోతే వద్దనడం, ఆ సంగతి నమ్మినవాళ్ళతో చెప్పుకోవడం. ఇంతే. ఇంతమాత్రానికే ఎన్ని మాటలు పడిందో! "బిడ్డలకు అవన్నీ చెప్పేదానికి నీకు నోరెట్లా వస్తాదమ్మీ?" అని అత్తగారు ఓబులమ్మ. "మా ఆవిడ ఏం పాఠాలు చెప్తాదంటే నలుగురిలో ఏమని చెప్పుకోవాల నేను?" అని అమరనాథ్. జీతం పడిన రోజు మాత్రం ఆ సిగ్గు ఎవరికీ గుర్తుండదు.

ఆ పాఠాలు వార్డు నిధితో నడుస్తున్నాయి. ఈ నెలతో గడువు తీరిపోతుంది. కొనసాగించాలా వద్దా అన్నది రేపు వార్డు కమిటీ తేల్చాలి. కమిటీలో ఎవరున్నా చివరికి చెల్లేది మాజీ కార్పొరేటర్ వెంకటగిరియప్ప మాటే. పదవి పోయి ఏళ్ళయినా, బెళ్ళందూరు వెనకాల ఈ పాత ఊరి సందుల్లో ఆయన తల ఊపనిదే రోడ్డుకు తారు పడదు, అమరనాథ్ అపార్ట్‌మెంట్లకు తోలే నీళ్ళ ట్యాంకరు కదలదు. ఆయనే ఇవాళ భోజనానికి వస్తున్నాడు.

ఫోను మోగింది. బాలవాడి టీచరు సమీనా. "ఏమన్నాడు మేడమ్?"

"ఇంకా రాలేదు సమీనా."

"జ్యోతి వాళ్ళమ్మ రోజూ అడుగుతా ఉంది, వచ్చే నెల కూడా ఈ పాఠం ఉంటుందా అని. ఏం చెప్పమంటారు?"

సాయంత్రం చెప్తానని ఫోను పెట్టేసింది కిరణ్మయి. జ్యోతి ఐదేళ్ళ పిల్ల. తల్లి చెన్నమ్మ అపార్ట్‌మెంటు కట్టేచోట ఇటుకలు మోస్తుంది. వానాకాలంలో ఒకరోజు పాఠం అయ్యాక జ్యోతి సమీనా చీర కొంగు పట్టుకుని లాగి, పక్క షెడ్డులో ఉండే మనిషి ఏం చేస్తున్నాడో చెవిలో చెప్పింది. ఏ భాగాన్ని ఏమంటారో అంతకు వారం ముందే నేర్చుకుంది కాబట్టి చెప్పగలిగింది. చెన్నమ్మ పోలీసుల దాకా వెళ్ళింది. ఆ మనిషి ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఆ వారం పాఠం జరగకపోయి ఉంటే? ఈ ప్రశ్న ఎన్నో రోజులుగా కిరణ్మయిని కూర్చోనివ్వడం లేదు. అన్నం తింటున్నా అదే, బస్సులో వెళ్తున్నా అదే.

వెంకటగిరియప్ప వచ్చాడు. తెల్ల చొక్కా, నిండు నవ్వు. సంగటిని మెచ్చుకున్నాడు, పులుసు రెండోసారి వేయించుకున్నాడు. నిజానికి మనిషి చెడ్డవాడిలా లేడు. అదే ఆమెకు ధైర్యమిచ్చింది. చేతులు కడుక్కుని సోఫాలో కూర్చున్నాక ఆయనే అడిగాడు.

"ఏనమ్మా, ఏదో బిడ్డల పాఠాలంట? మీ ఆయన చెప్పినాడు."

కిరణ్మయి నిలబడే చెప్పింది. జ్యోతి పేరు ఎత్తకుండా జ్యోతి కథ చెప్పింది. ఆయన నవ్వు ఆపి విన్నాడు.

"సరేలేమ్మా. మంచి పనే. రేపు కమిటీలో నేనే చెప్తాను, ఇంకో ఏడాది నడిపించండని. సరేనా?"

అమరనాథ్ మొహం వెలిగిపోయింది. కిరణ్మయి గోడకు ఆనుకుంది. అంతా అయిపోయింది, గెలిచింది అనుకుంది. అప్పుడు ఆయన కంటికి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న చైత్ర కనబడింది.

"ఓహో, మనవరాలా! రా తల్లీ, తాత ఒళ్ళో కూర్చో. ఒక ముద్దియ్యి, పోతాను."

నాలుగేళ్ళ చైత్ర కదల్లేదు. అరచెయ్యి ముందుకు చాపింది, బాలవాడిలో నేర్పినట్టే. "నాకొద్దు. టాటా చెప్తా."

ఆయన పెద్దగా నవ్వాడు. "అరెరే! సిగ్గు! రా, రా." చెయ్యి చాపాడు. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకొద్దు అని చెప్పినా కదా."

ఈసారి ఆయన నవ్వలేదు. "ఏమప్పా అమరా, మీ ఇంట్లో బిడ్డలకు పెద్దోళ్ళంటే మర్యాద ఇదేనా? వార్డులో బిడ్డలందరికీ ఇదే నేర్పిస్తారా ఏమి?"

"చైత్రా! పో తాత దగ్గరికి!" అమరనాథ్ అరిచాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఓబులమ్మ తన కుర్చీలో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నేలకేసి చూస్తోంది. అమరనాథ్ భార్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పు కిరణా. నువ్వు చెప్తే వింటాది. ఒక్క ముద్దుకు అంతా పోగొట్టుకుంటావా?"

ఒక్క ముద్దు. ఆ క్షణంలో కిరణ్మయి తలలో లెక్కలు సుడి తిరిగాయి. ఈ వార్డు బాలవాడుల్లో ఉన్న పిల్లలంతా ఒకవైపు, ఒక్క ముద్దు ఒకవైపు. ఆయనేం రాక్షసుడు కాదు, ఇంటినిండా మనుషులున్నారు, అర నిమిషం పని. ఇలాగే కదా తనకూ చెప్పింది అమ్మ, చిన్నప్పుడు, చుట్టాలింట్లో, ఎవరి ఒళ్ళో అయినా సరే కూర్చోమని! ఇలాగే కదా మొదటి ఆఫీసులో మేనేజరు భుజం మీద చెయ్యేసినప్పుడు పక్క సీటు ఆవిడ చెప్పింది, పోనీలే, పెద్దాయన, పట్టించుకోకు అని! ప్రతిసారీ అర నిమిషమే. ఆ అర నిమిషాలన్నీ ఎక్కడికీ పోలేదు. ఇవాళ్టికీ ఒంటి మీద పాకుతూనే ఉన్నాయి. ఇంత తెలిసి కూడా ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తన గొంతు తనకే వేరేవాళ్ళ గొంతులా వినబడింది.

"ఒక్కసారి పెట్టేసి రా బంగారం. తాత మంచోడు."

చైత్ర తల్లి మొహంలోకి చూసింది. ఏడవలేదు. చాపిన చెయ్యి దించేసింది. తల వంచుకుని సోఫా వైపు నడిచింది.

ఆ దించిన చెయ్యి చూసింది కిరణ్మయి. లేచి, పిల్లను వెనక నుంచి రెండు చేతులా ఎత్తుకుంది.

"వద్దులే తల్లీ. అమ్మ తప్పు చెప్పింది. నువ్వన్నదే సరి," అంది అందరూ వినేలా. ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, "పాపకు ఇష్టం లేదు పెద్దాయనా. ఏమనుకోవద్దు," అంది.

వెంకటగిరియప్ప చెప్పులు వేసుకుని, తల తిప్పకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆయన దగ్గర నుంచి కబురు వచ్చింది, అమరనాథ్ ఫోనుకు. రేపు కమిటీలో నలుగురి ముందర తప్పయిందని చెప్తే చాలు. ఫండు ఉంటుంది, ట్యాంకర్లు ఉంటాయి. "నోటితో ఒక్క మాట, అంతేగదా," అన్నాడు అమరనాథ్. "మా అమ్మను కూడా పిల్చుకొని వస్తా. పెద్దమనిషి వస్తే అన్న మెత్తబడతాడు." కిరణ్మయి అంట్లు తోముతూ సరే అనలేదు, కాదనలేదు. అతను సరే అన్నట్టే తీసుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ అలాగే తీసుకుంటున్నాడు.

మర్నాడు వార్డు ఆఫీసు హాలు నిండిపోయింది. పిల్లలను చంకనేసుకుని వచ్చిన తల్లులు, బయట నిలబడ్డ చెన్నమ్మ, ముందు వరసలో సమీనా. బల్ల వెనక కమిటీ మెంబర్లు, మధ్యలో పాలిక ఆఫీసరు. వెంకటగిరియప్ప ముందుగా లేచాడు.

"నిన్న వీళ్ళింట్లోనే చూసినా. ఇంతింత బిడ్డ, తాతలాంటి మనిషిని వద్దు పో అనింది. ఇది నేర్పించేదానికి మన వార్డు డబ్బు కావాలనా?"

హాలంతా నవ్వింది. ఆయన కూర్చుంటూ కిరణ్మయి వైపు చూసి, ఇక నీ వంతు అన్నట్టు చెయ్యి చూపించాడు. అమరనాథ్ ఆమె మోచేయి తాకాడు. "లే. ఒక్క మాట."

కిరణ్మయి లేచింది. కన్నడంలో బట్టీ పట్టుకొచ్చిన ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. క్షమాపణ నాలుక చివర సిద్ధంగా ఉంది, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ. దాన్ని మింగి, ఇక్కడ అందరికీ అర్థమయ్యే తెలుగులోనే మొదలుపెట్టింది.

"ఆయన చెప్పింది నిజమే. నా కూతురు వద్దంది. నాకు ముప్పై ఐదేళ్ళు, నాకింకా ఆ మాట సరిగా రాదు. నిన్న నేనే దాన్ని తొయ్యబోయాను." ఆగి, హాలు వైపు తిరిగింది. "ఇక్కడున్న ఆడవాళ్ళను ఒకటే అడుగుతాను. చిన్నప్పుడు వద్దనాలని ఉండీ అనలేకపోయినవాళ్ళుంటే చెయ్యెత్తండి. ఎవరు, ఎప్పుడు, ఏమిటి అని ఎవరూ అడగరు."

నవ్వు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. చెడగొట్టుకున్నాను అనుకుంది కిరణ్మయి. ఇక జ్యోతి లాంటి పిల్లలకు ఎవరు చెప్తారు?

అప్పుడు అమరనాథ్ పక్కనుంచి ఒక చెయ్యి లేచింది. మట్టిగాజుల చెయ్యి. ఓబులమ్మది.

అమరనాథ్ తల్లి వైపు చూసి నోరు తెరిచాడు. వెనక వరసలో ఇంకో చెయ్యి లేచింది, గోడ వారగా ఇంకొకటి, కిటికీ అవతల నుంచి చెన్నమ్మది. సమీనా చెయ్యెత్తి రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది. చివరికి బల్ల వెనక కూర్చున్న ఇద్దరు ఆడ మెంబర్లు, ఒకరినొకరు చూసుకోకుండా, చేతులెత్తారు. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. వెంకటగిరియప్ప వైపు చూడలేదు. "ఈ ఏడాదికి కొనసాగిద్దాం. అభ్యంతరం ఉందా?" అన్నాడు. బల్ల వెనక ఎవరూ నోరు మెదపలేదు.

ఒక్కొక్కటిగా చేతులు దిగాయి. ఓబులమ్మ చెయ్యి మాత్రం అలాగే ఉంది.

"పని అయిపోయింది గదమ్మా," అన్నాడు అమరనాథ్ మెల్లగా. "దించు ఇంక."

"ఉండనీ నాయనా," అంది ఓబులమ్మ. "ఇన్నేండ్లకు గదా అడిగినారు."