పథ్యపు బీరకాయ

శ్రావణమేఘమాలికాచ్ఛాదితమై పట్టపగలును మునిమాపువలె మసకబారిన రంగూను నగరమున ఐరావతీతీరమునందలి బియ్యపుమిల్లుల పొగ మీదికెగయలేక వానతోఁగూడ నేలకు దిగుచుండెను. ఆ మిల్లులలో మూటలు మోయుటకై విజయనగరపు సీమనుండి ఓడనెక్కి వచ్చిన అప్పలసామి పదునొకండు దినములు విషజ్వరపీడితుఁడై అస్థిమాత్రావశిష్టుఁడై చాపపైఁ బడియుండెను. ఆ యుదయమున జ్వరము విడిచినను ఆతఁడు అన్నమనఁగనే మొగము త్రిప్పుకొనుచుండెను. నాడి చూచిన వైద్యుఁడు ఈ పూట నాలుగు ముద్దలు కడుపున నిలిచిననే బ్రదుకునని చెప్పి, లేతబీరకాయ పథ్యము పెట్టుమని పోయెను.

ఆతని భార్య పైడమ్మకు ఆ పరదేశమున మగఁడు తప్ప దిక్కు లేదు. ఆతఁడు కోలుకొనుదనుక తన నోటఁ బచ్చిగంగయైనఁ బోయనని పైడితల్లికి మ్రొక్కుకొని, కొంగు తలపైఁ గప్పుకొని ఆమె వానలో బజారునకుఁ బరుగెత్తెను. భాష రానిదగుటచే నిగనిగలాడు కాయలను వ్రేలితోఁ జూపెను. అమ్మునట్టి బర్మాస్త్రీ ఒక కాయ కొన కోసి రుచి చూడుమని నోటికడకుఁ జాఁచెను. తన యూరిసంతలో నట్లు కొన కొఱికి చూడక పైడమ్మ యేనాఁడును బీరకాయ కొనినది కాదు. నేఁడు మాత్రము మ్రొక్కు తలఁపునకు వచ్చి చేయూపి వలదనెను. దేవత అంతటి కఠినురాలో కాదో గాని మ్రొక్కినవారి భయము మిక్కిలి కఠినమైనది.

ఇంటికి వచ్చి కాయలు చెక్కి, కుంపటిపై మెత్తగా నుడికించి, ఉప్పు సైతము కంటియంచనాతోనే వేసి, అన్నమునఁ గలిపి మొదటిముద్ద మగని నోటికందించెను.

"సేదుగున్నాదే" అని ఆతఁడు హీనస్వరమునఁ బలికెను.

"జొరం నోరు మావా, ఏటి తిన్నా సేదే. నాకోసం నాలుగు ముద్దలు తిను."

ఆతఁడు ఆమె మొగమువంకఁ జూచి, మాఱుపలుకక నాలుగు ముద్దలును మ్రింగెను. పదునొకండు దినముల కానాఁడు పైడమ్మ నవ్వెను.

గడియ గడవకమున్నే వాంతులు మొదలై ఆ చిక్కినదేహమున మిగిలిన కాసింత బలమును ఊడ్చికొనిపోయెను. దీపములు పెట్టువేళకు అప్పలసామి చల్లఁబడెను. జ్వరము తిరుగఁబెట్టినదని మిల్లువారందఱు ననిరి. ఆమెయు నట్లే తలంచెను. ఇంక మ్రొక్కుతోఁ బని లేదు, గుక్కెడు నీరైనఁ ద్రాగుమని వారు చెప్పి పాడె కట్టుటకై వెలుపలికిఁ బోయిరి.

నీటిచెంబునకై కుంపటికడకు వచ్చిన పైడమ్మకుఁ గుండలో మిగిలిన కూర కనఁబడెను. ఒక తునక తీసి నాలుకపై నిడుకొనెను. కటికచేదు; ఊరిసంతలోఁ గొన కొఱికి విషమని పాఱవైచు కాయల చేదే యది. జ్వరము పడిన నోరు ఆమెది కాదు.

ఆమె ఉమియలేదు, ఏడువను లేదు. కుండను ఒడిలోనికిఁ దీసికొని, మాఱుపలుకక నాలుగు ముద్దలును మ్రింగెను.