గోడవైపు రబ్బరు

ఆ ఆదివారం పొద్దుటినుంచీ దోమక్క ఒక చోట కుదురుగా కూర్చోలేదు. స్టవ్ మీద నీళ్ళు పెట్టి మరిచిపోయింది. ఉతికి ఆరేయాల్సిన బట్టల్ని మళ్ళీ సబ్బునీళ్ళ బకెట్లో ముంచింది. గుమ్మం దాకా వెళ్ళడం, వీధి చివరికి చూడడం, లోపలికి రావడం. కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనే తిరుగుతోంది.

దోమక్క అన్నది ఆ వీధి పిల్లలు పెట్టిన పేరు. ఆమె ఒక ల్యాబులో పనిచేస్తుంది. తెల్లారగానే మోటార్ సైకిలెక్కి, పరగడుపున ఎదురుచూస్తున్న వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, రక్తం తీసి, సీసాల్లో నింపి తీసుకురావడం ఆమె ఉద్యోగం. ఎంత దొరకని నరమైనా ఒక్క పోటులో దొరకబుచ్చుకుంటుందని పేరు. పిల్లలు దోమ అన్నందుకు ఆమెకేం కోపం రాలేదు. ఫోనులో తనే "నేనండీ, దోమక్కని" అని చెప్పుకునేది.

ఆ మోటార్ సైకిలు ఒకప్పుడు ఆమె భర్తది. అతన్ని ఫ్యాక్టరీ బస్సు ఇంటి దగ్గరే ఎక్కించుకోవడం మొదలయ్యాక బండి ఆమె చేతికొచ్చింది. రెండు నెలల కిందట అత్తగారు బండి దిగుతూ, "కాలు పెట్టే రబ్బరు నున్నగా అయిపోయిందే, జారుతోంది" అంది. ఆవిడకి మోకాళ్ళు వంగవు కాబట్టి రెండు కాళ్ళూ ఎడమవైపే పెట్టుకుని కూర్చుంటుంది. బరువంతా ఆ ఒక్క ఫుట్‌రెస్టు మీదే. భర్త ఆ మాట విని, "రేపు నేను మార్పిస్తాలే" అన్నాడు. "నా బండి నేను చూసుకుంటా, మీరేం కంగారు పడకండి" అంది దోమక్క. ఆ చూసుకోవడం ఇవాళ, రేపు అంటూ అలా జరిగిపోయింది.

పదకొండు రోజుల కిందట అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వస్తోంది. తమ వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ ఉంది. బండి ఎగిరిందో లేదో వెనక బరువు ఒక పక్కకి వాలిపోయింది. ఇద్దరూ పడ్డారు. దోమక్కకి మోచెయ్యి గీసుకుపోయింది. అత్తగారి ఎడమ మణికట్టు విరిగింది. జనం మూగారు. "ఎలా పడ్డారమ్మా?" అని ఎవరో అడిగారు. అప్పటికే దోమక్క కళ్ళు రోడ్డు మీద దొర్లుతున్న నల్లటి రబ్బరు ముక్క మీద పడ్డాయి. అది దేనిదో ఆమెకి తెలుసు. "కుక్క అడ్డొచ్చింది" అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. అనేశాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. రబ్బరు ముక్కని గుప్పిట్లో దాచి సీసాల సంచీలో వేసుకుంది. ఆవేళ అత్తగారి కళ్ళలో మందు చుక్కలు వేశారు. ఆవిడకి అన్నీ మసకే కదా అని ధైర్యం.

ఆ రోజునుంచి బండిని ఎడమవైపు గోడకి తగిలేంత దగ్గరగా పెడుతోంది. భర్త కంట పడకుండా.

కథ అక్కడితో ఆగితే ఎలా ఉండేదో గానీ, ఆ వీధిలో డ్రిల్లు మాస్టారున్నారు. బడిలో రిటైరయినా ఈల మెడలోంచి తీయని మనిషి. వీధి మలుపులో, మూసేసిన షాపు షట్టరు ముందు ఒక బూడిదరంగు కుక్క పడుకుంటుంది. ముసలిది, ఎవరి జోలికీ పోదు. ఆయన మాత్రం దోమక్క బండికి అడ్డొచ్చింది అదేనని ఫిర్యాదు రాసి, ఇరవై మూడు సంతకాలు పెట్టించి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చొచ్చారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కుక్కల బండి వస్తుందని శనివారమే చాటింపు వేసినట్టు చెప్పారు.

ఆదివారం ఒంటిగంటకి దోమక్క ఇక ఉండబట్టలేక స్పేర్ పార్టుల షాపుకి నడిచి వెళ్ళింది.

"ముందు జతా, వెనక జతా?" అన్నాడు షాపతను.

"నాలుగూ ఇచ్చేయండి."

"నూనె మాత్రం రాయొద్దమ్మా. సబ్బునీళ్ళు చాలు. నూనె రాస్తే సులువుగా ఎక్కుతుంది, అంత సులువుగానూ ఊడుతుంది."

ఇంటికొచ్చి గిన్నెలో వేడినీళ్ళు పోసి కొత్త రబ్బర్లు నానేసింది. సెంటర్ స్టాండు మీదున్న బండి పక్కన పీట వేసుకుని కూర్చుంది. మార్చడం చేసిన తప్పు సరిదిద్దుకోవడానికో, తప్పే కనపడకుండా చేయడానికో ఆమెకే తేలలేదు. చేతులకి ఏదో ఒక పని కావాలి, అంతే.

మొదట కుడివైపు ముందరిది పట్టుకుంది. పాత రబ్బరు ఇనుప కడ్డీకి అతుక్కుపోయి ఎంత లాగినా రాలేదు. బ్లేడుతో నిలువునా చీరి, అరటిపండు తొక్క వలిచినట్టు వలిచింది. లోపల తుప్పు, ఏళ్ళనాటి మట్టి. గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్ళు పూసి, మెత్తబడ్డ కొత్త రబ్బరుని కడ్డీకి తొడిగి తిప్పుతూ నెట్టింది. సగం దాకా ఎక్కి మొరాయించింది. కడ్డీ చివర ఒక అంచుంటుంది, రబ్బరు ఊడిరాకుండా పట్టుకునేది అదే. దాన్ని దాటించడమే తంటా.

అత్తగారు పిండికట్టు చేతిని దిండు మీద పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. ఎవరెక్కారో ఎవరు దిగారో చూసే అలవాటు ఇంకా పోలేదు.

"ముందువి బాగానే ఉన్నాయిగా. వాటి పీక మీద పడ్డావేం?"

"అన్నీ ఒకేసారి అయిపోతాయని అత్తయ్యా."

దోమక్క అరచేతులు ఎర్రగా కంది, రెండోది, కుడి వెనకది కూడా ఎక్కించేసరికి మూడు దాటింది. అప్పుడొచ్చారు డ్రిల్లు మాస్టారు, చేతిలో అట్టకి తగిలించిన కాగితంతో.

"సాక్షి కింద నీ సంతకం ఒక్కటే తక్కువమ్మా. బండివాళ్ళు అడుగుతారట."

"చేతులనిండా సబ్బుంది మాస్టారూ."

"కడుక్కో, నిలబడతాను."

"మళ్ళీ పూసుకోవాలి. మీరు వెళ్ళండి, నేనే వస్తాను."

మాస్టారు గిన్నె వంకా, ఆమె వంకా చూసి వెళ్ళిపోయారు. ఆమె ముందు ఎడమదానికి వెళ్ళాలని లేచి, బండిని గోడ నుంచి జానెడు జరిపి, మళ్ళీ వచ్చి పీట మీదే కూర్చుంది. కుడివైపు బిగించినవాటినే మళ్ళీ తిప్పి చూసింది.

"అమ్మాయ్, ఆ గోడవైపుది ఎప్పుడు మారుస్తావు?" అంది అత్తగారు.

"మారుస్తాను. ఈ పక్కవి అయ్యాక."

"ఈ పక్కవి అయ్యాయిగా. మూడోసారి నొక్కుతున్నావు."

దోమక్క తల ఎత్తలేదు. గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి. "అక్కడ మార్చడానికి రబ్బరు లేదు అత్తయ్యా. ఆ రోజే ఊడిపోయింది, మీ కాళ్ళ కిందినుంచే. కుక్కా లేదు, గిక్కా లేదు. నేనే అబద్ధమాడాను" అంది గబగబా, నోట్లో నీళ్ళు ఉమ్మినట్టు.

అత్తగారు దిండు సర్దుకుంది. "కుక్క లేదని నాకు తెలీదా? కళ్ళలో చుక్కలు వేస్తే మాత్రం కుక్కంత కుక్క కనపడదా?"

"మరి ఊరుకున్నారేం?"

"ఇరవై తొమ్మిదేళ్ళు పరిగెత్తే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టాను. ఒక్కనాడు పడలేదు. ఇప్పుడు కూర్చుని పడ్డానంటే నలుగురూ నవ్విపోరూ? కళ్ళజోడు డబ్బా జారుతుంటే పట్టుకోబోయి సీటు వదిలేశాను. నావల్లే పడ్డాం అనుకున్నాను. నువ్వు కుక్క అన్నావు. నా పరువు కాపాడ్డానికే అన్నావనుకుని లోలోపల నీకు దణ్ణం పెట్టుకున్నాను."

దోమక్కకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండిట్లో ఏదీ తెమలకముందే వీధి మలుపులో బండి ఆగిన చప్పుడు, మాస్టారి ఈల వినిపించాయి. చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తింది.

అప్పటికే ఇద్దరు మనుషులు ఉచ్చు కర్ర పట్టుకుని షట్టరు దగ్గరికి నడుస్తున్నారు. కుక్క లేచి నిలబడి తోక ఊపుతోంది. దాన్ని చూడ్డానికి వీధి వీధంతా బయటికొచ్చింది. ఆదివారం షిఫ్టు వాళ్ళని దించే ఫ్యాక్టరీ బస్సు కూడా అప్పుడే వచ్చి, దారి లేక ఆగింది. అందులోంచి భోజనం క్యారేజీతో ఆమె భర్త దిగాడు.

అతన్ని చూడగానే ఆమె కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. రాత్రికి మెల్లగా, అతనొక్కడికే చెప్పుకోవచ్చు కదా అనిపించింది. కానీ ఈలోగా ఉచ్చు కుక్క మెడలో పడుతుంది.

"ఆగండి బాబూ" అంది. "ఆ కుక్క నాకు అడ్డు రాలేదు. ఏ కుక్కా రాలేదు. నా బండి ఫుట్‌రెస్టు రబ్బరు అరిగిపోయి ఊడింది. రెండు నెలల్నుంచీ తెలిసి కూడా మార్చలేదు. అందుకే మా అత్తగారు పడ్డారు."

మాస్టారి మొహం మాడిపోయింది. "ఇరవై మూడు మంది సంతకాలు పెట్టారమ్మా. నీ మాట నమ్మి."

"తప్పు నాదే మాస్టారూ."

ఉచ్చు కర్ర పట్టుకున్నతను విసుగ్గా తల గోక్కున్నాడు. "కరిచిందా, లేదా? అది చెప్పండి. మేం ఇంకా మూడు వీధులు తిరగాలి."

"కరవలేదు. వెంటపడలేదు. పడుకునుంది."

"అయితే ఫిర్యాదు తప్పని రాసి సంతకం పెట్టండి. ఊరికే వెనక్కెళితే మమ్మల్ని అడుగుతారు."

అతనిచ్చిన కాగితం మీద అందరి ముందూ ఆమె రాసింది. సబ్బు తడికి సిరా అలుక్కుపోయింది. అతను దాన్ని గాల్లో ఆడించి ఆరబెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో, "పాపం పెద్దావిడ" అన్నారు. మాస్టారు ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

భర్త ఇంటిదాకా ఆమెకి నాలుగడుగులు ముందే నడిచాడు. వచ్చీ రాగానే బండిని గోడ నుంచి పూర్తిగా బయటికి లాగాడు. బోడి కడ్డీని చూశాడు.

"దీని మీదే పదకొండు రోజులు తిరిగావా?"

"నేను ఒక్కదాన్నేగా తిరిగింది."

"మారుస్తానన్నాను."

"అన్నారు. నేనే వద్దన్నాను."

"నువ్వు వద్దంటే నేనెందుకు ఊరుకున్నానా అని." అతని గొంతు పెద్దది కాలేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. "అమ్మ తల బండకి తగిలుంటే?"

ఆమె వంగి, నేలమీది పాత రబ్బరు తొక్కల్ని ఏరసాగింది.

"సీటు వదిలేసింది నేనురా" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"నువ్వు ఊరుకో అమ్మా." క్యారేజీ అరుగు మీద పెట్టి లోపలికెళ్ళిపోయాడు.

దోమక్క మళ్ళీ నీళ్ళు వేడి చేసుకుంది. ముందు ఎడమది ఎక్కించింది. ఆఖరిది మాత్రం కడ్డీ వంగి ఉండడం వల్ల ఎంతకీ ఎక్కలేదు. బొటనవేళ్ళ దగ్గర చర్మం లేచిపోయింది. భర్త వస్తాడేమోనని రెండుసార్లు లోపలికి చూసింది. రాలేదు. రబ్బరుకి వెనకనుంచి గుడ్డ చుట్టి, కాలితో తన్నిపెట్టి, తిప్పుతూ తోసింది. ఒక్కసారిగా అంచు దాటి టప్‌మని కూర్చుంది. అత్తగారు కుర్చీలోంచి లేచి వచ్చి, చెప్పు విడిచి పాదంతో దాన్ని అటూ ఇటూ కదిపి చూసింది.

"గట్టిగానే ఉంది" అంది.

మాస్టారు నెలరోజులు ఆమె పలకరిస్తే ముక్తసరిగా తల ఊపారు. భర్త మూడు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న బస్సు కోసం బయటికి వెళుతూ, బండి దగ్గర వంగి, "చైను వదులైంది, చూశావా?" అన్నాడు. "చూశాను. సాయంత్రం బిగిస్తాను" అంది. అతను వెళ్ళిపోయాక ల్యాబుకి ఆలస్యమవుతున్నా ఆమె స్పానరు తెచ్చుకుంది.

అయిదు వారాలకి పిండికట్టు విప్పారు. మణికట్టు మునుపటంత తిరగలేదు, తిరగదని డాక్టరు చెప్పాడు. అత్తగారికి ఇక డబ్బా మూతలు తీయడం, బట్టలు పిండడం చేతకాదు. మూత బిగుసుకున్న డబ్బా ఏదైనా కనపడితే దోమక్క అడక్కుండానే తీసి పెడుతుంది. ఆవిడ కూడా అడగదు, డబ్బాని ఆమెకి అందేలా జరిపి ఊరుకుంటుంది.